మెట్టు దగ్గరి బ్రేకు

షంటింగ్ ఇంజను మళ్ళీ ఆగిపోయింది.

"మళ్ళీ నీ మోకాలేనా?" కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు డ్రైవరు.

"తగిలింది బావా. ఇంత చిన్న మెట్టు మీద మోకాలు ఎక్కడ పెట్టుకోమంటావు?" అన్నాడు బావమరిది.

మెట్టు పక్కనే ఒక ఇనప పిడి ఉంది. లాగినా, గట్టిగా తగిలినా, బ్రేకుల్లో గాలి బుస్సుమని పోయి బండి ఉన్నచోటే బిగుసుకుంటుంది. మళ్ళీ గాలి నిండేదాకా పదిమంది తోసినా కదలదు.

ఫ్యాక్టరీకొచ్చే వ్యాగన్లను అటూ ఇటూ నెట్టే ఆ డీజిలు ఇంజను డ్రైవరు కంటే వయసులో పెద్దది. ఫ్యాక్టరీ యజమాని మారినప్పుడల్లా దానికి రంగు మారింది. ఎక్కడ గీరుకుపోయినా అడుగున ఇంకో రంగు కనబడుతుంది. కట్టిన మహానుభావులు దానికి పొడుగాటి ముక్కు పెట్టి, డ్రైవరు గదిని వెనక్కి నెట్టారు. దూరంగా ఉన్న సిగ్నలు కనిపిస్తుంది గానీ, ముక్కు చివర మెట్టు మీద నిలబడ్డ మనిషి కనిపించడు. అతను ఊపే పచ్చజెండా ఒక్కటే కనిపిస్తుంది.

డ్రైవరు ప్రాణమంతా ఆ జెండా మీదే ఉంది. బావమరిది రెండు షాపులు పెట్టి రెండూ ముంచినవాడు. డ్రైవరే మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఈ పనిలో చేర్పించాడు. "నాకున్నది వాడొక్కడే తమ్ముడు. నీ చేతుల్లో పెడుతున్నాను," అంది భార్య. ఆనాటి నుంచి డ్రైవరుకి అన్నం సయించడం లేదు.

ఫోను మోగింది. మేనేజరు.

"ఇంకోసారి బండి ఆగితే మీ బావమరిదిని రేపట్నుంచి ఇంట్లోనే ఉండమను."

డ్రైవరు కిందికి దిగాడు. ఎక్కడో పడున్న తీగముక్క తెచ్చి, పిడిని కదలకుండా కమ్మీకి కట్టేశాడు. పని తొందరలో పాత డ్రైవర్లూ చేసిన పనే అది.

"ఇక నీ మోకాలికీ నా గుండెకీ విశ్రాంతి," అన్నాడు.

వ్యాగన్లు నిండేలోపు ఇద్దరూ టీ తాగి వచ్చారు. వచ్చేసరికి ఇంజను మెట్టు దగ్గర ఎవరో ముసలావిడ.

"ఏమ్మా, ఏం చేస్తున్నావక్కడ?"

ఆవిడ ఉలిక్కిపడింది గానీ కదల్లేదు. గుప్పిట మూసి ఉంది.

కిందటి నెలే యార్డులో ఎవరో రాగి కేబులు కోసుకుపోయారు. ఆ నింద డ్రైవరు మీదికి రాబోయి తృటిలో తప్పింది. అతనికి ఒళ్ళు మండింది.

"గుప్పిట తియ్యి."

తీసింది. తుప్పుపట్టిన తీగముక్క.

"దీనికోసమా ఇంత దూరం వచ్చావు?"

"ఇది ఇక్కడ ఉండకూడదు బాబూ."

"ఇక్కడ ఉండకూడనిది నువ్వు. ఎవరు రానిచ్చారు నిన్ను?"

"మెట్టు మీద నిలబడేది ఎవరు బాబూ?"

"మా బావమరిది. వాడికీ వాటా ఇస్తావా?"

ఆవిడ బావమరిదిని తేరిపార చూసి ఏదో చెప్పబోయింది. ఇంతలో గేటు కాపలావాడు పరుగున వచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. మొన్ననే చేరాడేమో, ఆవిడ రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయాడు. ఆవిడ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

"పెద్దావిడ. పాపం బావా."

"పాపమని ఊరుకుంటే రేపు చక్రాలు కూడా ఉండవు. ఎక్కు."

సన్నగా తుంపర మొదలైంది. బండి వ్యాగన్లను నెట్టుకుంటూ మలుపు తిరుగుతోంది. పచ్చజెండా కనిపిస్తోంది.

అంతలో కనిపించలేదు.

మలుపు కదా, చాటయి ఉంటుందనుకున్నాడు డ్రైవరు. హారను కొట్టాడు. జెండా రాలేదు. ఆపుదామా? ఆపితే వాడి పని పోతుంది. ఆపకపోతే?

బుస్సుమంది. బండి దానంతటదే ఆగిపోయింది.

డ్రైవరు దూకి పరిగెత్తాడు. బావమరిది రెండు చేతులతో పిడికి వేలాడుతున్నాడు. ఒక కాలు మెట్టు మీద ఉంది. రెండో కాలు చక్రానికి జానెడు దూరంలో పట్టా మీద ఉంది.

"జారాను బావా. చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నాను."

డ్రైవరు అతణ్ణి బయటికి లాగి, తిట్టబోయి, ఏడ్చేశాడు. తర్వాత పిడి వైపు చూశాడు. కట్టు లేదు.

"నువ్వు విప్పావా?"

"నేనెందుకు విప్పుతాను? కట్టింది నా కోసమేగా."

ముసలావిడ గుప్పిట్లో తీగ కళ్ళముందు కదిలింది. డ్రైవరు ఇంకేమీ అడగకుండా గేటు వైపు పరిగెత్తాడు.

"ఆవిడా? నేనే దగ్గరుండి బస్సెక్కించాను," అన్నాడు కాపలావాడు గొప్పగా. "మళ్ళీ వస్తే పోలీసులకి పట్టిస్తానన్నాను. ఇక రానంది."

"ఊరేది?"

"అడగలేదు."

వెనకే వచ్చిన ముసలి ఫోర్‌మన్ సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఏటా ఓసారి వచ్చి, ఆ పిడి ఆడుతోందో లేదో చూసుకుని పోతుందయ్యా. ఆవిణ్ణి లోపలికి పంపమని పాత కాపలావాడికి చెప్పాను. వీడికి చెప్పడం మరిచిపోయాను."

"ఎవరు సార్ ఆవిడ?"

ఫోర్‌మన్ ఇంజను వైపు చూశాడు.

"ఈ బండి కొత్తలో ఆ పిడి లేదు. మెట్టు మీదివాడు జారితే అంతే సంగతులు. ఒకతను జారాడు. మొగుణ్ణి మట్టి చేసి తిన్నగా ఇక్కడికే వచ్చి, ఇంకో ఆడదానికి ఈ గతి పట్టకుండా మెట్టు దగ్గర బ్రేకు పెట్టేదాకా లేవనని, చంటిపిల్లతో ఈ బండి ముందు పట్టాల మీద కూర్చుంది ఆవిడే."