పీత వేసిన ముగ్గు

సముద్రపు ఒడ్డున పెద్ద బండ మీద ఎవరి పనితనమైనా ప్రదర్శనకు పెట్టుకోవచ్చని కొంగ చాటింపు వేసింది. చిన్న పీతకు ప్రాణం లేచొచ్చింది. ఇసుకను ఉండలు చేసి, తడి నేల మీద పెద్ద ముగ్గు వేసింది.

"బాగుందే! బండ మీదికి తెచ్చి పెట్టు," అంది కొంగ.

"ఎత్తితే రాలిపోతుంది కొంగత్తా."

"అయితే కుదరదమ్మా. ప్రదర్శన బండ మీదే."

పీత మొహం చిన్నబోయింది. అలలు దగ్గర పడుతున్నాయి. ఉండబట్టలేక గట్టిగా కేక వేసింది. "రండర్రా! నీళ్లొచ్చేలోగా నా ముగ్గు చూసి పోండి!"

బండ మీద గవ్వల దండలు చూస్తున్న తాబేళ్లూ ఉడతలూ కాకులూ గబగబా దిగొచ్చాయి. ముగ్గు చుట్టూ మూగి నోళ్లు వెళ్లబెట్టాయి. చివరికి కొంగ కూడా వచ్చి, ఒక కాలు పైకెత్తి పట్టుకుని అడిగింది.

"తొక్కకుండా ఎక్కడ నిలబడనే?"

పీత పకపకా నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చింది. అల వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.