తెగులు కోడి

"ముట్టుకోకండి, దానికి తెగులు!" కోడిగంప ఎత్తబోతున్న మొగుడు పూర్ణయ్యకి అడ్డం వచ్చింది సామ్రాజ్యం.

బాపట్ల పాసింజరు దిగొచ్చిన అతని అక్కమొగుడు అవతల, వీధి అరుగు మీద కోడికూర కోసం కూర్చుని ఉన్నాడు.

"మావాళ్లు వచ్చినప్పుడే వస్తుందేంటే ఈ తెగులు?" అంటూ పూర్ణయ్య గంప ఎత్తాడు.

పాతచీర మెత్త మీద పెట్ట దర్జాగా కూర్చుంది. ముక్కుకి పసుపూ వెల్లుల్లీ కలిపిన ముద్ద అంటుకుని ఉంది. కళ్లు మిలమిలలాడుతున్నాయి, నెత్తిన జుట్టు మందారంలా ఉంది.

"మొన్న మా అన్నయ్యకీ వంకాయ కూరే పెట్టానండీ," అంది సామ్రాజ్యం, తల ఎత్తకుండా.

పూర్ణయ్య మెల్లగా గంప మూసేశాడు.

అంతలోనే గుడ్డు పెట్టిన పెట్ట, పేటంతా వినబడేలా అరవడం మొదలుపెట్టింది.

"ఏమోయ్, దొరికిందా?" బావ కేకేశాడు.

"దొరికింది బావా! కానీ పాపం, విన్నావుగా... ఒకటే దగ్గు!"