పన్నెండింటి లెక్క

సువర్ణకు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. చేసిన పని అలాంటిది మరి.

మిర్యాలగూడ కాలేజీ ల్యాబులో దశరథ సార్ ఆమెకో పని అప్పగించారు. కల్లులోంచి తీసిన ఈస్ట్ కణాలను కొత్త చక్కెర నీళ్ళలో వేసి, అవి ఎంతసేపటికి ఒకటి రెండవుతాయో మైక్రోస్కోపులో చూడాలి. రెండు గంటలకోసారి లెక్కపెట్టి రాయాలి. అంతే.

పొద్దున పదింటికి లెక్కపెట్టింది. ఇరవై. ఇంతలో స్నేహితురాళ్ళు పిలిచారు. మార్నింగ్ షోకు చెక్కేసింది!

షికార్లన్నీ ముగించి సాయంత్రం వచ్చాక నోటుబుక్కు నింపింది. ఒకటి రెండవుతుందని పుస్తకంలో ఉండనే ఉంది. పన్నెండింటికి నలభై. రెండింటికి ఎనభై. నాలుగింటికి నూట అరవై. ఇదేం బ్రహ్మవిద్య?

సార్ ఆ పేజీని చాలాసేపు చూశారు.

"నువ్వే సూసి రాసినవా అమ్మా?"

"అవును సార్."

ఆయన నోటుబుక్కు మూసి ఇచ్చేశారు. అది మూడు రోజుల కిందటి మాట. రేపు సూర్యాపేట సెమినార్‌లో ఆ అంకెలతోనే సువర్ణ మాట్లాడాలి. ఎమ్మెస్సీకి పంపుతామని ఇంట్లో ఒప్పుకున్నది కూడా ఆ సెమినార్ మొహం చూసే.

పోనీ, సార్ ఏ చండశాసనుడో అయితే ఇంత బాధ ఉండేది కాదు. డాక్టరేట్ ఉండి కూడా "డాక్టర్ గారూ" అంటే ఊరుకోని మనిషాయన. అటెండర్ ఐలన్న ఆ పిలుపుకు ఎన్నిసార్లు చీవాట్లు తిన్నాడో. అంత నిగర్వికి అబద్ధం చెప్పానే అని ఆమె కుమిలిపోయింది. ఇక ఆగలేక సాయంత్రం ల్యాబుకు వెళ్ళింది.

"సార్, నేను లెక్కపెట్టలే. సినిమాకు పోయిన. అన్నీ ఉత్తగనే రాసిన." భోరుమంది.

"తెలుసు."

"ఎట్ల సార్?"

"కొత్త నీళ్ళల్ల వేసిన కణం ఎంబడే చీలదు. జర కుదురుకోవాలె. లోపట డీఎన్ఏ ఇంకో జత తయారు జేసుకోవాలె. గప్పటిదాక ఇరవై ఇరవైగనే ఉంటది. కండ్లతోని సూసినోళ్ళు పన్నెండింటికి నలభై అని రాయరు."

సువర్ణకు తల కొట్టేసినట్టయింది.

"మరి అప్పుడే ఎందుకు తిట్టలే సార్?"

సార్ లేచారు. బీరువా తాళం తీశారు. అడుగున ఉన్న ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టారు. అది ఆయన డాక్టరేట్ థీసిస్. కొత్త చక్కెర నీళ్ళలో వేసిన ఈస్ట్ కణాల మీదే. ఒక పేజీ తెరిచి, వేలు ఒక వరుస మీద పెట్టారు.

పదిహేనేళ్ళ కిందట టైపు చేసిన ఆ పట్టికలో, పది గంటల ఎదురుగా ఇరవై, పన్నెండు గంటల ఎదురుగా నలభై అని ఉంది.