ఆల్బీ వంతు

పొయ్యి దగ్గరికి జరగండర్రా, చెబుతాను. యుద్ధంలో మన హొరేస్ నడిపిన బాంబుల విమానం ఉత్తర సముద్రంలో పడిపోయింది. బతికింది అతనూ, స్నేహితుడు ఆల్బీ మాత్రమే. గాలి సగం పోయిన రబ్బరు పడవ ఒక్కరినే మోస్తోంది. అందుకని ఒకరు పడవలో పడుకుంటే, రెండోవాడు తాడు పట్టుకుని నీళ్లలో ఉండాలి. అలా వంతులు వేసుకున్నారు.

చీకటిపడ్డాక పడవలోంచి హొరేస్ పిలిచాడు. "పైకి రారా, ఇప్పుడు నీళ్లలో నా వంతు."

"పడుకోరా బద్ధకిష్టోడా! ఇక్కడ నీళ్లు వెచ్చగా ఉన్నాయి."

జనవరి సముద్రం వెచ్చగా ఉంటుందా? హొరేస్ తాడు లాగాడు. అది బరువు లేకుండా కొసదాకా వచ్చేసింది.

"లాగకురా, చక్కిలిగింతలు!" పడవ కిందనుంచి ఆల్బీ నవ్వాడు.

హొరేస్ నీళ్లలోకి కాలు దించాడు. వెచ్చటి అరచెయ్యి ఒకటి ఆ పాదాన్ని పట్టుకుని, మెల్లగా పైకి నెట్టింది.

గుర్తుంచుకుని మీ పిల్లలకీ చెప్పండి: ఆ రాత్రంతా ఆల్బీ వంతే.