పేరొచ్చిందా?

“బిడ్డా, నా పేరొచ్చిందా?”

తలుపు సందులోంచి తల పెట్టి అడిగాడు ఆ మనిషి. యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి, భుజాన తువ్వాల.

త్రివేణి కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. నల్గొండలోని ఆ రక్తనిధిలో ప్రోగ్రామర్‌గా చేరింది ఆ సోమవారమే.

“ఏ లిస్టుల పేరు?”

“గదే బిడ్డా, విజేందర్ సారు మిషిన్ల చూసి చెప్తుండె.”

“ఆయన నౌకరి మానేసిండు. పింఛన్ లిస్టులు ఈడ ఉండయి. మండలాఫీసుల అడుగుపో.”

ఆయన చెప్పబోయింది కీబోర్డు చప్పుడులో కలిసిపోయింది. వరండాలో బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

పేరొచ్చిందా అని అడిగేవాళ్ళు త్రివేణికి కొత్త కాదు. ఇళ్ళ లిస్టు, రేషన్ లిస్టు, పింఛన్ లిస్టు. మన దగ్గర ఆ మాటకు ఇంకో అర్థం ఎక్కడుంది?

ఆమె తలనొప్పి వేరే ఉంది. ఫలానా గ్రూపు రక్తం కావాలంటే, ఇచ్చేవాళ్ళ పేర్లు వెతికి తీసే క్వెరీ ఒకటి విజేందర్ రాసిపెట్టి పోయాడు. చాంతాడంత ఉంది. మీట నొక్కితే జవాబు రావడానికి నాలుగు నిమిషాలు. ఈలోగా అవతల ప్రాణాలు పోయేలా ఉన్నాయి.

“దీన్ని జర చిన్నగ చెయ్యమ్మా,” అన్నాడు మేనేజర్ దివాకర్.

రెండు రోజులు దానితో కుస్తీ పట్టింది. తిప్పి తిప్పి అడిగినదాన్ని ఒక్కసారే అడిగేలా మార్చింది. మధ్యమధ్య విజేందర్ రాసుకున్న వివరణలు చదివే ఓపిక లేక అన్నీ ఊడ్చేసింది. తొంభై వరసలు పదకొండయ్యాయి. నాలుగు నిమిషాలు రెండు సెకన్లయ్యాయి.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సరిచూసింది.

“సార్, పాతదాంట్ల అన్ని గ్రూపులు కలిపి 1,842 పేర్లొస్తున్నయి. కొత్తదాంట్ల ఒకటి తక్కువ.”

“ఎందుకు?”

“ఫోన్ నంబర్ ఉన్నోళ్ళే వచ్చేటట్టు రాసిన. ఒక్కరికి నంబర్ లేదు.”

“ఫోన్ లేనోన్ని ఎట్ల పిలుస్తం? పోనియ్.”

దివాకర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ రోజంతా త్రివేణి కాళ్ళు నేల మీద ఆనలేదు.

తర్వాతి సోమవారం ఆ మనిషి మళ్ళీ తయారు.

“బిడ్డా, నా పేరొచ్చిందా?”

“మల్ల వచ్చినవా! వస్తే ఫోన్ చేస్తరు తియ్. ఊకె ఈడికి రాకు.”

ఆయన నోరు తెరిచేలోగా తలుపు వేసేసింది.

ఆ పై సోమవారం బెంచీ ఖాళీగా ఉంది. పీడ వదిలిందనుకుంది త్రివేణి.

ఆ పొద్దునే పదింటికి డేవిడ్ అనే యువకుడు చీటీ పట్టుకుని పరుగున వచ్చాడు. భార్య కోమలకు కాన్పయింది. బిడ్డ క్షేమం. తల్లికి రక్తం పోవడం ఆగడం లేదు.

దివాకర్ చీటీ లాక్కుని చూశాడు. బాంబే గ్రూపు. వేలల్లో ఒకరికి ఉంటుంది. వాళ్ళకు మరే రక్తమూ పడదు.

త్రివేణి మీట నొక్కింది. రెండే సెకన్లు.

పేర్లు సున్నా.

మళ్ళీ నొక్కింది. సున్నా.

హైదరాబాద్‌కు ఫోన్లు చేశారు. దొరికితే రేపటికి పంపుతామన్నారు.

“రెండు గంటలే టైం అన్నది డాక్టరమ్మ. ఏదన్న చెయ్యిండ్రి మేడం,” డేవిడ్ చేతులు జోడించాడు.

అప్పుడు త్రివేణికి గుర్తొచ్చింది, తగ్గిపోయిన ఆ ఒక్క పేరు.

పాత క్వెరీని వెతికి తీసి నడిపింది. నాలుగు నిమిషాలు ముగ్గురూ తెర ముందే నిలబడ్డారు.

ఒక్క పేరొచ్చింది. మైసయ్య. బాంబే గ్రూపు. ఊరు: పాలమూరు దిక్కు, మట్టిపని ఎక్కడుంటే అక్కడ.

“యాడుంటడు మేడం? చెప్పుండ్రి, నేనే పోయి తోల్కొస్త!”

త్రివేణి చూపు తెర మీది నుంచి వరండాలోని ఖాళీ బెంచీ మీదికి పోయి, మళ్ళీ తెర మీదికే వచ్చింది.

చదవకుండా ఊడ్చేసిన వివరణల్లో ఒకటి పాత క్వెరీలో ఇంకా అలాగే ఉంది: “మైసయ్యకు ఫోన్ లేదు, తన రక్తం ఎవరికన్న అవసరం పడ్డదేమోనని ప్రతి సోమవారం తానే వచ్చి ‘నా పేరొచ్చిందా’ అని అడుగుతడు, పొమ్మనొద్దు.”