గలీనా పంపే టీ

“ఇంకొంచెం కమలాతొక్క పడాల భాయ్. మూత తీస్తానే మా ఆమెకు వాసన తెలిసిపోతాది,” అన్నాడు జయరామ్, రేకుడబ్బాలో ముక్కు పెట్టి.

నవాబ్ నవ్వాడు. “పడాల్సినంత పడిండాది సార్. మీరు పాలటీ తాగే మనిషి. దీని సంగతి మీకేం తెలుస్తాది?”

తిరుపతి గాంధీరోడ్డులో నవాబ్‌ది టీపొడి అంగడి. బల్లమీది డబ్బాకు రష్యన్ అక్షరాలున్నాయి. లోపల నల్లటి టీ ఆకు, సన్నగా తరిగి ఎండబెట్టిన కమలాతొక్క, నిమ్మతొక్క. నిమ్మకాయలు గూడూరువి. వాటిని ఒలిచి మిద్దెమీద ఆరబెట్టింది నవాబ్ భార్య ఆయిషా బీ. అయినా సాయంత్రానికి ఈ డబ్బా మాస్కో నుంచి పోస్టులో వచ్చినట్టే ఇల్లు చేరాలి.

జయరామ్ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భార్య జ్ఞానాంబ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. పెళ్ళికి ముందు స్కాలర్‌షిప్పు మీద మాస్కో వెళ్ళి అయిదేళ్ళు చదువుకుంది. హాస్టల్లో ఆమె గదిలో ఉన్న పిల్ల గలీనా. మొదటి చలికాలం, ఇంటిమీద బెంగతో మంచం దిగని జ్ఞానాంబకు గలీనా రోజూ టీ కాచి ఇచ్చేది. చిక్కటి డికాక్షన్ గాజుగ్లాసులో కాస్తంత పోసి, పైన వేడినీళ్ళు నింపేది. పాలు ఉండవు. చెంచాడు జామ్ నోట్లో పెట్టుకుని, దాని మీద ఒక్కో గుక్క తాగాలి.

“ఆ గ్లాసు లేకుంటే నేను చదువు వదిలేసి వచ్చేసేదాన్ని,” అంటుండేది జ్ఞానాంబ.

ఆమె తిరిగి వచ్చేశాక కూడా ప్రతి జనవరిలో గలీనా తన చేత్తో కలిపిన టీపొడి ఒక డబ్బా పంపేది. ఒక్క ఏడూ మానలేదు.

నాలుగేళ్ళ కిందట డిసెంబర్లో జయరామ్‌కు గలీనా కూతురు వేరా నుంచి మెయిల్ వచ్చింది. అమ్మ నిద్రలోనే పోయిందని రాసింది. అప్పటికి జ్ఞానాంబ గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చి నాలుగు రోజులు. మనసు కలతపడే మాట ఏదీ చెవిన పడనీయొద్దని డాక్టరు మరీమరీ చెప్పి పంపాడు. ఎప్పుడూ చూడని ఆ మనిషి కోసం జయరామ్ పెరట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికొచ్చాడు. కోలుకున్నాక చెబుదాంలే అనుకున్నాడు.

ఇంతలో జనవరి వచ్చింది.

“ఏమండీ, గలీనా డబ్బా ఇంకా రాలేదే?”

“వస్తాదిలే జ్ఞానా. పోస్టు ఆలస్యమయ్యుంటాది.”

గలీనా పంపిన ఖాళీ డబ్బాలు అటకమీద చాలా ఉన్నాయి. ఒకటి దించి, నవాబ్ దగ్గరికి తీసుకెళ్ళి, విషయం చెప్పి, తోచినట్టు కలిపించి తెచ్చాడు. జ్ఞానాంబ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది.

“ఇది ఆమె చెయ్యి కాదే. ఒంట్లో బాగలేదేమో!”

జయరామ్ మళ్ళీ అంగడికి పరుగెత్తాడు. రెండు రకాలు కలిపి పాత డబ్బా వాసనతో పోల్చి చూశారు, రెండూ కుదరలేదు. పదిరోజుల తర్వాత నవాబే ఫోన్ చేసి పిలిచి పొట్లం చేతిలో పెట్టాడు. “తెలిసినోళ్ళను అడిగి కలిపినా సార్. తీసకపోండి.”

మొదట గలీనా పొరపాటున వేరే టీపొడి పంపిందనీ, మళ్ళీ పంపిందనీ ఇంట్లో చెప్పాడు. ఆ రోజు జ్ఞానాంబ గ్లాసు మొత్తం తాగింది. కళ్ళు తుడుచుకుంటూ, “ఇది గలీనా టీనే,” అంది.

అప్పటినుంచి ప్రతి జనవరీ ఇదే తంతు. గలీనాతో ఫోన్లో మాట్లాడతాననో, ఉత్తరం రాస్తాననో అడుగుతుందేమోనని జయరామ్‌కు గుబులుగా ఉండేది. ఎందుకో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. తన అదృష్టం అనుకున్నాడు.

ఈసారి డబ్బా తెచ్చి ఇవ్వగానే జ్ఞానాంబ వాసన చూసి, “కమలా బాగా పడిండాది,” అంది. జయరామ్‌కు ఊపిరి వచ్చింది. రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి ఆయన ముందు పెట్టింది.

“నాకెందుకు ఈ కషాయం?”

“ఒక్కదాన్నే ఎన్నేళ్ళు తాగేది? నోరు తెరవండి,” అంటూ చెంచాడు జామ్ ఆయన నోట్లో పెట్టింది.

మొదటి గుక్కకు చేదు, ఆ వెంటనే తీపి, చివర్న కమలా పులుపు. ఇంత బాగుంటుందని ఆయన అనుకోలేదు. ఎదురుగా ఆమె, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని తాగుతోంది. ఈ మనిషినా నేను నాలుగేళ్ళుగా మోసం చేస్తున్నది, అని ఆయన ప్రాణం ఉసూరుమంది.

“జ్ఞానా, గలీనా...”

“చల్లారిపోతాది. ముందు తాగండి.”

మరుసటి రోజు పొద్దున అంగడికి వెళ్ళి జరిగిందంతా నవాబ్‌కు చెప్పాడు. “నావల్ల కాదు భాయ్. ఇప్పుడు ఆమె ఆరోగ్యం బాగుండాది. చెప్పేద్దామనుకుంటాండా.”

“ఏం తొందర సార్? ఆమె సంతోషంగా తాగతా ఉండాది గదా. తాగనీండి.”

జయరామ్ జేబులోంచి తాళం తీస్తూ, “అదీ నిజమేలే,” అని స్కూటర్ ఎక్కాడు. స్కూటర్ మలుపు తిరిగిందో లేదో నవాబ్ ఫోన్ మోగింది. జ్ఞానాంబ.

“భాయ్, గలీనా పోయిందని నాకు తెలుసనీ, టీపొడి పాళ్ళు చెప్పింది నేనేననీ ఆయనకు చెప్పలేదు గదా?”