బోనెక్కని సాక్షి

సైన్యంలో మేజరుగా చేసి లాయరైనందుకు అందరూ ‘మేజరు లాయరు’ అని పిలిచే ఆయన కోర్టు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"మళ్లీ అడుగుతున్నా. యుద్ధంలో పోస్టు వదిలేసి రమ్మని నీకు ఎవరు చెప్పారు?"

"గుర్తులేదు సార్," అన్నాడు మాజీ జవాను, నాలుగోసారి.

"పారిపోయావని ముద్ర వేసేస్తార్రా! వైర్‌లెస్‌లో చెప్పింది నేనేగా? నా పేరు చెప్పడానికి నోరు పెగలదా?"

"చెబితే మిమ్మల్ని సాక్ష్యానికి పిలుస్తారు. కేసు వాదించే లాయరు సాక్ష్యం చెప్పకూడదట, గుమాస్తాగారు అన్నారు. మీ అంతట మీరే నా కేసు తీసుకున్నారు కదా... బోనెక్కడం ఇష్టం లేదేమో అనుకున్నా సార్."

మేజరు నడక ఆగిపోయింది.

లోపలినుంచి బంట్రోతు జవాను పేరు పిలిచాడు.

మేజరు నల్లగౌను విప్పి జవాను చేతిలో పెట్టాడు.

"పద. వాయిదా అడిగి నీకింకో లాయర్ని చూద్దాం. నేను బోనెక్కాలి."